పెట్టె లేవగానే చెప్పాల్సిన దారులు

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

పెట్టె లేచింది. నేనూ లేచాను. ఇద్దరిలో పెట్టే నయం, లేవగానే కాఫీ కోసం గొడవ చెయ్యదు.

కొత్త లాగ్ పుస్తకం మొదలుపెట్టినప్పుడు ఉద్యోగ వివరాలు రాయాలని కార్యదర్శి మల్లాడి రామతులసిగారి ఆజ్ఞ. రాస్తున్నాను. నా పేరు రేకాడి నూకరత్నం. సముద్రం మధ్య ఒకటో రిగ్గులో దారుల గుమాస్తాను. మేమంతా పెట్టె అని పిలిచే కంప్యూటరుకి రోజూ పొద్దున్నే మిగతా రిగ్గులకి దారులు చెప్పడం నా పని.

రాత్రిళ్లు బ్యాటరీ అంతా మంచినీళ్ల యంత్రానికే సరిపోతుంది కాబట్టి పెట్టెని ఆపేస్తాం. తెల్లారి ఎండ సోలార్ పలకల మీదికి వచ్చాక లేపుతాం. లేచిన పెట్టెకి తన పేరు గుర్తుంటుంది, తారీఖు గుర్తుంటుంది, నిన్నటి చేపల ధర కూడా గుర్తుంటుంది. దారులు మాత్రం గుర్తుండవు. మూడో రిగ్గుకి మాట పంపాలంటే ఎటు పోవాలో మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. దారులన్నీ ఒక ఫైల్లో రాసి, లేవగానే చదువుకోమని పెడితే అదే చదువుకుంటుంది. లినక్స్‌తో నడిచే ఇలాంటి పెట్టెని ఒక్కసారి ముట్టుకున్న ఎవరికైనా ఈ సంగతి తెలుసు. మాకూ తెలుసు.

మరి ఎందుకు పెట్టలేదంటే, ఊళ్లు మునిగి మా పెద్దలు ఈ పాత గ్యాసు రిగ్గుల మీదికి ఎక్కిన కొత్తల్లో, మొదటి ఇంజనీరుగారు తొందరలో దారులు చేత్తో కొట్టారట. "ఫైల్లో రేపు పెడతాను" అన్నారట. రోజూ చేత్తోనే కొట్టారు, రోజూ రేపే అన్నారు. అలా అంటూ అంటూనే ఆయన కాలం చేశారు. ఆయన పోయాక చేత్తో కొట్టడం ఆచారం అయింది. ఫైల్లో పెట్టడం అపచారం అయింది.

ఇప్పుడు దాని పేరు ప్రాతఃకాల మార్గ పఠనం. కుర్చీలు వేస్తారు. జంపఖానా పరుస్తారు. దారులు మార్చనిచ్చే పాస్‌వర్డు అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, ఈ ముగ్గురు పెద్దల దగ్గర మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకరు తమ ముక్క కొడుతుంటే మిగతా ఇద్దరూ సముద్రం వైపు తిరిగి నిలబడతారు. ఆ తర్వాత నేను ఒక్కో దారీ గట్టిగా చదివి కొడతాను. మూడో దారి అయ్యాక ఇంజనీరుగారు కాఫీ తాగేవారట, అందుకని మూడో దారి అయ్యాక సభకి కాఫీ విరామం. పూర్వం కాఫీ చల్లారేలోపు అయిపోయే పని ఇప్పుడు ఎండ నడినెత్తికొచ్చేదాకా సాగుతోంది.

దారుల వరుస హోదా ప్రకారం. మొదటి దారి ఒకటో రిగ్గుకి. ఒకటో రిగ్గులోనే కూర్చున్న పెట్టెకి ఒకటో రిగ్గుకి దారి చెప్పడమెందుకని ఎవరూ అడగరు. చెప్పిన ప్రతిసారీ పెట్టె "అది ముందే ఉంది" అంటుంది. అధ్యక్షులు పినపోతు వీరభద్రంగారు ఆ మాటని ఆశీర్వచనంగా తీసుకుని కళ్లు మూసుకుంటారు.

చివరి దారి ఏడో రిగ్గుకి. అది కొట్టాక, దారి కుదిరిందో లేదో చూడటానికి మైకులో పిలుస్తాను: "ఏడో రిగ్గూ, ఉన్నారా?"

"ఉన్నాం" అంటాడు అవతల మనిషి.

ఆ మనిషి మా ఆయన, కామేశు. ఏడో రిగ్గులో కాళ్ల మేస్త్రి. పడవ నెలకొక్కసారి వెళుతుంది. మిగతా రోజుల్లో మా కాపురమంతా ఆ ఒక్క ముక్కే.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ఇవాళ డీఫాల్టు దారి గురించి రభస జరిగింది.

ఎటు పోవాలో పెట్టెకి తెలియని సందేశాలన్నీ ఏదో ఒక గుమ్మానికి చేరాలి కదా. ఆ గుమ్మం తమదే కావాలని నాలుగో రిగ్గువాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. "దిక్కులేనివాళ్లకి దిక్కు నేనే" అని అధ్యక్షులవారు దాన్ని తన ఇంటికి పెట్టించుకున్నారు. ఆ ఘనతకి ఫలితం నిన్న దక్కింది. ఐదో రిగ్గు కుర్రాడొకడు చిరునామా తప్పు కొట్టి, "బంగారం, నీ జడ చూసినప్పట్నుంచీ అన్నం సయించట్లేదు" అని పంపిన సందేశం నేరుగా అధ్యక్షులవారి భార్యకి చేరింది. ఆవిడకి అరవై దాటాయి. పొద్దున సభకి అధ్యక్షులవారు కాఫీ తాగకుండా వచ్చారు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదట.

అయినా దారి మార్చడానికి ఒప్పుకోలేదు. "తొలిబిడ్డగా ఇది నా బాధ్యత" అన్నారు.

తొలిబిడ్డ కథ కూడా రాస్తాను, రోజూ వినే నాకైనా కాస్త బరువు తగ్గుతుంది. రిగ్గుల మీద పుట్టిన మొట్టమొదటి బిడ్డ వీరభద్రంగారే. ఆయన కేర్‌మన్న సంగతిని ఒకటో రిగ్గు రేడియోనే మిగతా రిగ్గులకి చాటిందట. ప్రతి సభలోనూ ఆ రేడియో స్తంభం వైపు చెయ్యి చూపించి, "నా రాకని లోకానికి చెప్పిందదేనండి" అంటారు. ఆయన అధ్యక్షులు కావడానికి ఇంతకంటే అర్హత ఎవరూ అడగలేదు.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

ఏడో రిగ్గు మీద మళ్లీ ఫిర్యాదు.

మా ఆరు రిగ్గులూ ఇసుక తిన్నెల చాటున ఉన్నాయి. కెరటం అక్కడే విరిగి, ఇటు వచ్చేసరికి ముసలిదైపోతుంది. ఏడోది తిన్నెలు దాటి లోతు నీళ్లలో ఉంది. మాకు కనపడనంత దూరం. దాని కాళ్లు మాత్రం కదిలే కాళ్లు. జాకీలు తిప్పితే మనుషులుండే డెక్కు పైకి లేస్తుంది. నిదానంగా, సగం రోజు తిప్పితేగాని పూర్తిగా లేవదు. ఆ జాకీలు తిప్పించేది మా ఆయనే.

పోయినేడు అడుగున నాచు గీకడానికి డెక్కు ఒక మూర ఎత్తారు. ఆ మూరతో అది ఒకటో రిగ్గు కంటే ఎత్తయిందని ఎవరో కొలిచి చెప్పారు. అధ్యక్షులవారికంటే ఎత్తులో కాళ్లు చాపుకుని కూర్చుంటారా అని కమిటీ మండిపడింది. ఏ రిగ్గూ అధ్యక్షులవారి నోటిమాట లేకుండా ఒకటో రిగ్గుని మించి లేవకూడదని తీర్మానం చేశారు. ఏడో రిగ్గు పెద్దాయన క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పట్నుంచి ఆయన మరీ భయపడి, ఉండాల్సినదానికంటే కిందికే దించి ఉంచుతున్నాడు. ఇప్పుడు ఫిర్యాదేమిటంటే, మరీ కిందికి ఉండటం వెటకారంలా ఉందట.

పఠనం అయ్యాక మా ఆయనతో రెండు మాటలు దొంగతనంగా మాట్లాడాను.

"మావా, కింది నుంచి నీళ్లు కొడతన్నాయా?"

"పెద్ద కెరటం వచ్చినప్పుడు వంటింట్లోకి వత్తన్నాయే. నిన్న పప్పులో ఉప్పు వెయ్యలేదు. అదే పడింది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడిస్తే ఇంకా ఉప్పెక్కువవుద్ది గదే రత్తం."

మైకు కట్టేశాను. నవ్వొచ్చింది, భయమూ వేసింది.

ఆశ్వయుజ పౌర్ణమి

మబ్బు పట్టింది. ఎండ లేకపోతే గాలిమర కరెంటు. అది తాగినవాడి నడక, ఉన్నట్టుండి నిలబడిపోతుంది. ఇవాళ పెట్టె మూడుసార్లు పడి లేచింది. పడిన ప్రతిసారీ దారులు మరిచిపోయింది. మరిచిపోయిన ప్రతిసారీ పూర్తి పఠనం. కుర్చీలు, జంపఖానా, పాస్‌వర్డు, సముద్రం వైపు తిరగడం, కాఫీ. మూడో పఠనానికి ముఖ్య అతిథి దొరక్క వంటవాడికి శాలువా కప్పాం.

సాయంత్రానికి ఉపాధ్యక్షులూ ఇంజనీరూ అయిన లంకే భీమశంకరంగారు నోరు విప్పారు. మెత్తటి మనిషి. ఎవరైనా ఎదురొస్తే తనే పక్కకి తప్పుకుంటారు, ఆ వచ్చింది పిల్లి అయినా సరే.

"ఫైల్లో పెట్టేద్దామండి. పెట్టె లేవగానే దారులు అదే చెప్పేసుకుంటాది" అన్నారు.

దారులు అదే చెప్పుకుంటే గుమాస్తా ఎందుకు? "ఇన్నేళ్ల ఆచారమండి!" అని అందరికంటే ముందు నేనే లేచి అరిచాను. ఆచారం మీద ప్రేమ కాదు, నా రేషన్ కార్డు మీద. అధ్యక్షులవారు నా భక్తికి కళ్లు తుడుచుకున్నారు.

ఆశ్వయుజ బహుళ తదియ

మబ్బు వదల్లేదు. పెద్దల మోకాళ్లు వదిలేశాయి. రోజుకి నాలుగు పఠనాలు ఎవరూ కూర్చోలేకపోతున్నారు. ఆచారం మీద పెద్దలకి ఉన్న పట్టు నడుం నొప్పి దగ్గర సడలింది.

మీటింగు పెట్టారు. ఫైల్లో పెట్టడానికి సూత్రప్రాయంగా అంగీకరించారు. నన్ను మార్గ సలహాదారుని చేస్తామన్నారు. రేషన్ అదే, పని లేదు. ఆచారం మీద నా అభిప్రాయం అక్కడికక్కడే మారింది.

పెట్టె లేచేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత లేవాలో కూడా ఒక జాబితాలో రాయాలి. అసలు గొడవ అక్కడ వచ్చింది.

భీమశంకరంగారు అన్నారు, "ముందు రేడియో లేవాలండి. అది లేచి, ఊపిరి తీసుకున్నాక అప్పుడు దారులు చెప్పాలి."

"రేడియో ముందా? ఒకటో రిగ్గు దారి తర్వాతా?" రామతులసిగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "రేడియో అంటే పనిముట్టు. పనివాళ్లు కూర్చున్నాక అధ్యక్షులవారు నిలబడాలా? ఏవండీ, మన సభల్లో ఎప్పుడన్నా అలా జరిగిందా?"

"అదికాదండి, రేడియో లేవకపోతే దారి దేనికి కట్టాలో పెట్టెకి తెలవదండి."

"అధ్యక్షులవారి పేరు వినపడితే అదే లేస్తుంది."

భీమశంకరంగారు నావైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. సలహాదారు పదవి ఇంకా కాగితం మీదికి రాలేదు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, అలవాటు ప్రకారం పక్కకి తప్పుకున్నారు. జాబితా నా చేతే రాయించారు. ముందు ఒకటో రిగ్గు దారి, తర్వాత హోదా వరుసలో మిగతా ఆరు, తర్వాత వందన గీతం, అన్నిటికంటే ఆఖర్న రేడియో.

విస్తరి వెయ్యకముందే వడ్డన మొదలుపెడుతున్నాం అని నాకు అనిపించింది. అనిపించిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆశ్వయుజ బహుళ దశమి

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది.

భీమశంకరంగారు ఫైలు నడిపించారు. రేడియో పొద్దున్నే లేచి ఉంది కాబట్టి దారులన్నీ చిటికెలో కుదిరిపోయాయి. చప్పట్లు. "చూశారా, వరుస మార్చక్కర్లేదన్నానా!" అని రామతులసిగారు ఆయన భుజం తట్టారు. ఆయన ఏదో చెప్పబోయారు: ఇది లేచి ఉన్న పెట్టె మీద చేసిన పరీక్ష, అసలు పరీక్ష రేపు పొద్దున నిద్రలేచినప్పుడు అని. వందన గీతం మొదలైంది. ఆయన మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

నాకు శాలువా కప్పారు. దారులు పెట్టెకే తెలిసినప్పుడు "ఉన్నారా" అని పిలవడం దాన్ని అనుమానించినట్టు అవుతుందని, రేపటినుంచి పిలుపు రద్దు అని కూడా ప్రకటించారు. శాలువా మెడ దగ్గర గుచ్చుకుంది.

చివరి పిలుపు అని చెప్పి మా ఆయన్ని పిలిచాను.

"ఇంక రోజూ పిలవరంట మావా. నేను మాత్రం దొంగతనంగానైనా పిలుస్తాలే."

"గాలి తూరుపుకి తిరిగిందే. పిట్టలు ఒక్కటీ లేవు. ఒడ్డువాళ్లు ఏవన్నా చెప్తే యెంటనే చెప్పు" అన్నాడు. "కెరటం తిన్నగా మాకే కొడతాది."

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

ఉద్యోగం లేకపోయినా కాళ్లు అలవాటుగా దారుల గదికే వచ్చాయి. ఎండ లేదు. గాలిమర మీద పెట్టెని లేపారు. తెర మీద ఏడు వరుసలు కనిపించాయి, ఏడూ అటు దారి దొరకలేదనే ఒకటే మాట: నెట్‌వర్క్ అన్‌రీచబుల్. ఆ తర్వాత వందన గీతం. ఆ తర్వాత తీరిగ్గా రేడియో లేచింది. అప్పటికి దారులు చెప్పాల్సిన ఫైలు చెప్పేసి వెళ్లిపోయింది.

మైకు తీసుకున్నాను. "ఏడో రిగ్గూ, ఉన్నారా?"

ఏమీ లేదు.

"మావా, ఉన్నావా?"

గాలి తప్ప ఏమీ లేదు. నా గొంతు నా గదిలోనే ఉండిపోయిందని తెలుసు. అయినా మూడోసారి పిలిచాను.

అదే వేళకి ఒడ్డు నుంచి వాతావరణం వాళ్ల కబురు వచ్చింది. దానికి వేరే రిసీవరు ఉంది, పెట్టెతో పనిలేదు. తుఫాను, సాయంత్రానికి. దగ్గర రిగ్గులకి ఎర్రగుడ్డ ఎగరేశాం, అయిదు రిగ్గులూ చూసి జవాబు గుడ్డ ఎగరేశాయి. ఏడో రిగ్గుకి మా గుడ్డ కనపడదు. ఆ కెరటాల మీద పడవ పంపేవాడూ లేడు, వెళ్లేవాడూ లేడు. జాకీలు తిప్పడానికి సగం రోజు కావాలి. మాకు మిగిలింది కూడా సగం రోజే.

పరిగెత్తాను. పాస్‌వర్డు ముక్కలు ముగ్గురి దగ్గరా ఉన్నాయి కదా, ముగ్గుర్నీ ఇళ్లలోంచి లాక్కొచ్చాను. అధ్యక్షులవారు కండువా కోసం వెనక్కి వెళితే కండువా కూడా నేనే తెచ్చాను.

"పాతపద్ధతిలో చేత్తో కొట్టేద్దాం" అన్నారు రామతులసిగారు. ముగ్గురూ కొట్టారు, సముద్రం వైపు తిరిగారు. నేను ఒకటి, రెండు, మూడు కొట్టాను. రామతులసిగారు వంటవాడివైపు చూశారు. వంటవాడు కాఫీ తెచ్చాడు.

ఆ పళ్లెం ఉన్నదున్నట్టు తీసుకెళ్లి సముద్రంలో పోశాను. ఈలోగా గాలిమర నిలిచి పెట్టె పడిపోయింది. దారులు పోయాయి.

రెండోసారి ఐదో దారి దాకా వచ్చాం. పెట్టె పడిపోయింది.

"ఈసారి ఏడోది ముందు కొట్టనివ్వండి" అన్నాను.

"ఆరో రిగ్గువాళ్లు ఏమనుకుంటారమ్మా?" రామతులసిగారు నిజంగానే బాధపడుతూ అడిగారు. "రేపు మొహం ఎలా చూపిస్తాం?"

అప్పుడు భీమశంకరంగారు పక్కకి తప్పుకోలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఇలా చేత్తో ఎన్నిసార్లు కొట్టినా గాలిమర నిలబడనివ్వదండి. ఫైల్లో ఒక్క వరుస మార్చాలి. రేడియో లేచాకే దారులు అని. ఇంక పెట్టె ఎన్నిసార్లు పడినా దారులు దాంతోపాటే లేస్తాయి. ఒక్క వరుసండి బాబూ."

"అంటే రేడియో తర్వాత నేనా?" వీరభద్రంగారు అన్నారు. కోపం కాదు, బెంగగా అన్నారు. "రేపు లాగ్‌లో అదే ఉంటాది గదా. నా మనవళ్లు చదువుతారు."

ఆ మనిషిని కొట్టాలనిపించింది. ఆయన వెనక కిటికీలోంచి రేడియో స్తంభం గాలికి ఊగుతూ కనిపించింది. అప్పుడు తట్టింది.

"అధ్యక్షులవారూ, మీరు పుట్టిన సంగతి రిగ్గులన్నిటికీ చాటింది ఎవరండి?"

"ఆ రేడియోనేనమ్మా. రోజూ చెప్తాను గదా."

"మరి మీరు పుట్టేనాటికే అది ఉందన్నమాట."

"ఆయ్, ఉంది."

"అంటే మీకంటే పెద్దది. వయసులో పెద్దవాళ్లు లేచి కూర్చోకముందే మనం కూర్చుంటామాండి? మీలాంటివాళ్లు కూడా అలా చేస్తే, రేపు మీ మనవళ్లు చదివి ఏమనుకుంటారు?"

వీరభద్రంగారు స్తంభం వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. కండువా సర్దుకుని, స్తంభానికి రెండు చేతులూ జోడించారు.

"పెద్దల్ని ముందు లేవనివ్వండి" అన్నారు.

రామతులసిగారి కళ్లు చెమర్చాయి. ఆవిడ పాస్‌వర్డు ముక్క ఈసారి ఎవరూ అడక్కముందే కొట్టేశారు. భీమశంకరంగారు ఒక వరుస చేర్చారు. పెట్టెని చేత్తోనే ఆపి లేపాం.

రేడియో లేచింది. ఊపిరి తీసుకుంది. ఒకటో రిగ్గు దారి. "అది ముందే ఉంది" అంది పెట్టె. అధ్యక్షులవారు కళ్లు మూసుకున్నారు. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు.

"ఏడో రిగ్గూ, ఉన్నారా?"

గరగర.

"మావా!"

"ఉన్నాం. ఉన్నామే. నీకేమయిందే? పొద్దున్నించి నీ పిలుపు లేదు, నీకేదో అయిపోయిందని…" వెనక ఇనుము మూలుగుతోంది, ఎవరో అరుస్తున్నారు. "నీ గొంతు వినపడకపోయేసరికి లోకంలో ఏదో సరిగ్గా లేదనుకున్నాను. జాకీలు తిప్పించేశాను."

మైకు దగ్గరికి లాక్కున్నాను. "ఎంత ఎత్తారు?"

"మీ ఒకటో రిగ్గంత. అక్కడ ఆగిపోయాం. మా రిగ్గుపెద్ద జాకీలకి అడ్డంపడి నిలబడ్డాడు. అధ్యక్షుల నోటిమాట లేకుండా వాళ్లని మించి లేస్తే మళ్లీ క్షమాపణ నా వల్ల కాదంటన్నాడు. కెరటం డెక్కుని నాకుతాందే. చీకటిపడేసరికి మీదికి వచ్చేద్ది."

నేను వీరభద్రంగారి వైపు చూడలేదు. చూస్తే ఆయన ఆలోచిస్తారు.

"అధ్యక్షులవారు ఎత్తమంటున్నారు" అన్నాను మైకులో. "కాళ్లు ఎంతుంటే అంతా ఎత్తమంటున్నారు. ఆయనకంటే రెండింతలు ఎత్తినా పర్వాలేదంట."

"నేనన్నానా?" అన్నారు వీరభద్రంగారు వెనకనుంచి.

"అనబోతున్నారు కదండి."

ఆయన నా మొహం చూశారు. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకూ తెలిసింది. ఆయన వచ్చి మైకు అందుకున్నారు.

"ఆయ్. అనబోతున్నాను. ఒరే, ఎత్తండిరా! క్షమాపణ లేదు, ఏమీ లేదు, ఎత్తండి!"

జాకీల శబ్దం మొదలైంది. ఆ శబ్దం వింటుండగానే గాలిమర నిలిచింది, పెట్టె పడిపోయింది. మా నలుగురి ప్రాణాలూ పోయాయి. గాలిమర మళ్లీ తిరిగింది. పెట్టె లేచింది, రేడియో లేచింది, దారులు లేచాయి. జంపఖానా లేదు, శాలువా లేదు, పాస్‌వర్డు లేదు. జాకీల శబ్దం ఆగినచోటునుంచే మళ్లీ వినపడింది.

చీకటిపడేదాకా పెట్టె పడుతూ లేస్తూనే ఉంది. లేచిన ప్రతిసారీ పిలిచాను. పిలిచిన ప్రతిసారీ మా ఆయన ఉన్నామన్నాడు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

ఏడో రిగ్గు నిలబడింది. వంటింటి అడుగు రేకులు ఊడిపోయాయి, కోళ్లగూడు పోయింది. మనుషులందరూ ఉన్నారు.

కమిటీ అభినందన సభ పెట్టింది. దూరదృష్టితో ఆజ్ఞ ఇచ్చినందుకు అధ్యక్షులవారికి శాలువా. పెద్దరికానికి గౌరవంగా రేడియో స్తంభానికి శాలువా. గాలికి అది ఎగిరిపోయింది, మళ్లీ ఇంకోటి కప్పారు. భీమశంకరంగారికి కూడా కప్పబోతే ఆయన పక్కకి తప్పుకున్నారు.

ఏడో రిగ్గు ఎత్తు సంగతి కూడా తేల్చారు. గాలివానల్లో మించి లేవచ్చు, కానీ ఆ సమయంలో ఒకటో రిగ్గు వైపు కాళ్లు చాపుకుని కూర్చోకూడదు.

పిలుపు లేకపోవడం వల్లే ఏడో రిగ్గువాళ్లు మేలుకున్నారు కాబట్టి పిలుపుని పునరుద్ధరించారు. ఇప్పుడు దాని పేరు ప్రాతఃకాల కుశల ప్రశ్న. నేను దాని గుమాస్తాను. హోదా వరుసలో పిలవాలి. ఇవాళ కుర్చీలన్నీ నిండాక మైకులో, "ఒకటో రిగ్గూ, ఉన్నారా?" అని అడిగాను. నా పక్క కుర్చీలోంచి వీరభద్రంగారు గంభీరంగా, "ఉన్నాం" అన్నారు. మూడో పిలుపు అయ్యాక కాఫీ వచ్చింది.

ఆశ్వయుజ బహుళ చతుర్దశి

పెట్టె లేచింది. రేడియో లేచింది. దారులు వాటంతటవే వచ్చాయి.

సభ ఇంకా రాలేదు. వంటవాడు జంపఖానా దులుపుతున్నాడు. నన్ను చూసి అటు తిరిగి దులపడం మొదలుపెట్టాడు.

ముందు ఏడో రిగ్గుని పిలిచాను. ఉన్నారు. ఆ తర్వాత కుర్చీలు నిండాక రూలు ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా మళ్లీ పిలిచాను. లాగ్‌లో ఎలా జరిగిందో అలాగే రాస్తున్నాను, ఎవరి మనవళ్లు చదివినా సరే: ముందు ఏడు. దారుల వరుసతో పెట్టెకి పనిలేదు. నాకుంది.